చారిత్రక నవలాకారుడు భోగరాజు

విజయనగరమనగానే గురజాడ జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ ప్రాంతముననే 1891లో జన్మించిన భోగరాజు నారాయణమూర్తిని తలచువారు నేడు అరుదు.

1906లో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి చారిత్రక నవలలకు పోటీలు నడిపి, ఆ ప్రక్రియకు పాఠకులను సమకూర్చినది. ఆ వాతావరణమున భోగరాజు ‘విమలాదేవి’, ‘అస్తమయము’, ‘ఆంధ్రరాష్ట్రము’, ‘అల్లాహో అక్బర్’ నవలలతో ప్రసిద్ధి కెక్కెను. నీటిబిందువు కథను ‘కంకణము’ కావ్యముగా మలచిన కవియు ఆయనయే. 1940లో కన్నుమూసెను.

చరిత్రకారుడు ప్రతి మాటకును ఆధారము చూపవలెను. నవలాకారుడు ఆధారములు మౌనము వహించినచోట కల్పనతో కథ నడుపును. తరువాత నేమగునోయని పాఠకుడు పుటలు త్రిప్పును. తేదీలకు విసిగిన విద్యార్థియు అట్టి కథకు చెవియొగ్గును. ‘ఇందు చరిత్ర యెంత? కల్పన యెంత?’ అని వానిచేత అడిగింపగలిగిన ఉపాధ్యాయుడు భోగరాజును మరల బ్రతికించినవాడగును.