పిల్లికూతలు దాచవలసినవి కావు

నేను వైద్యుణ్ణి కాను, కంప్యూటర్ల వాణ్ణి. అయినా బూన్ లేలో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసిన చోట నాకు తరచుగా వినబడే మాట ఒకటుంది: "ఇండియాలో ఉన్నన్నాళ్ళూ మావాడికి ఏమీ లేదండీ, ఇక్కడికొచ్చాకే ఈ దగ్గు, ఈ తుమ్ములు." ఆ తర్వాత గొంతు తగ్గుతుంది. "ఉబ్బసం" అన్న మాట ఎవరూ పైకి అనరు. ఆడపిల్లయితే మరీను, రేపు సంబంధాలకు అడ్డమని భయం.

ఇది అంత అరుదైన జబ్బా? ఐజాక్ అనే అంతర్జాతీయ పరిశీలనలో ఎన్నో దేశాల బడిపిల్లల్ని, చిన్నవాళ్ళయితే తలిదండ్రుల్ని, ఒకే ప్రశ్న అడిగారు: గడచిన పన్నెండు నెలల్లో పిల్లికూతలు వచ్చాయా? సింగపూర్‌లో 1994లో ఆరేడేళ్ళ పిల్లల్లో 16.6 శాతం మందికి వచ్చాయి. 2001 నాటికి అది 10.2కి తగ్గింది. 12-15 ఏళ్ళ వారిలో మాత్రం 9.9 నుంచి 11.9కి పెరిగింది. అంటే నలభైమంది ఉన్న తరగతిలో నలుగురైదుగురన్నమాట. ఇందులో సిగ్గుపడవలసింది ఏముంది?

కారణాల్లో వంశం నుంచి వచ్చే తత్వం ఒకటి, చుట్టూ ఉన్న గాలి ఇంకొకటి. ఇక్కడి గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎక్కువే. పరుపుల్లో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్లు కంటికి కనబడని పురుగులు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటాయి, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. వాటి విసర్జనే చాలామంది పిల్లలకు పడదు. బ్లోమియా ట్రోపికాలిస్ అనే రకం ఇక్కడ మరీ ఎక్కువ. వీటికి తోడు హేజ్. 2013 జూన్ 21న కాలుష్య సూచిక 401కి చేరింది. 2015 సెప్టెంబరు 25న బడులే మూసేశారు.

ఇహ మందు సంగతి. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. పిల్లికూత వినబడనప్పుడు కూడా ఆ వాపు ఉండవచ్చు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ గొట్టాలను తాత్కాలికంగా వదులు చేస్తుందే గాని వాపును తగ్గించదు. వాపును తగ్గించేది డాక్టరు రోజూ వాడమనే స్టిరాయిడ్ ఇన్‌హేలర్. మనవాళ్ళు చాలామంది దీన్నే ముందు ఆపేస్తారు, "అలవాటై పోతుందేమో" అని. పీల్చే మందుకు అలాంటి వ్యసన గుణం లేదు. పన్నెండేళ్ళు దాటినవారికి సాల్బుటమాల్ ఒక్కదానితోనే సరిపెట్టవద్దని 2019లో గినా అనే అంతర్జాతీయ సంస్థ స్పష్టంగా చెప్పింది. మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని వారు ఇచ్చే చేపమందు మీద మన పెద్దవాళ్ళకు నమ్మకం ఉండవచ్చు. దానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అది మింగించి ఇన్‌హేలర్ ఆపడం మాత్రం ప్రమాదం.

ఇంట్లో చేయగలిగినవి చిన్నవే: దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకడం, పరుపుకి మైట్లు దూరని తొడుగు వేయడం, పిల్లల దగ్గర సిగరెట్టు, సాంబ్రాణి పొగ లేకుండా చూడడం.

అన్నిటికన్నా ముఖ్యం, క్లాసు టీచరుకీ పీఈ టీచరుకీ చెప్పడం. పరుగు పందెంలో పిల్లాడు రొప్పుతుంటే, అది అలుపో, ఉబ్బసమో తెలియవలసింది వాళ్ళకే. ఆ క్షణాన అమ్మానాన్నా అక్కడ ఉండరు. పిల్లాడి సంచిలో ఇన్‌హేలరూ, టీచరుకు దాని సంగతీ ఉంటే చాలు.