పాత బండికి కొత్త చుక్కాని

విశాఖపట్టణము రేవునకు దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి ముక్కు సాచి నిలిచియున్నది. 1957లో దానిపై నెలకొల్పిన దీపస్తంభము నేటికిని ఓడలకు దారి చూపుచున్నది. ఆ కొండకు ఆవల, మూడు ప్రక్కల గుట్టలును నాలుగవ ప్రక్క సముద్రమును గల చోట యారాడ గ్రామము కలదు. గాజువాక, మల్కాపురముల వైపు నుండి బండిపై అచ్చటికి పోవువారు కొండ నెక్కి, మలుపులు తిరిగి, ఆవలి వైపునకు దిగవలెను.

ఇట్టి దారిలో బండి గుణములన్నియు బయటపడును. ఎక్కునప్పుడు ఇంజను సత్తువ తెలియును. దిగునప్పుడు బ్రేకుల పట్టు తెలియును. మలుపు తిరుగునప్పుడు స్టీరింగు సంగతి తెలియును. ఇంజను ఆగినచో బండి నిలుచును. బ్రేకు తప్పినచో గేరును, చేతి బ్రేకును కొంతవరకు ఆదుకొనును. స్టీరింగు తెగినచో దాని స్థానమున నిలుచునది వేరొకటి లేదు. అందువలన పాత బండిని తీర్చిదిద్దు ఉత్సాహము గలవారు మొదట ఆలోచింపవలసినది రంగును గూర్చియు, ఇంజనును గూర్చియు కాదు. స్టీరింగ్ బాక్సును గూర్చియే.

పాత కారు తొడుగులో బలమైన ఇంజనును అమర్చి వేగముగా నడుపు వేడుక 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రబలినది. అట్టి బండ్లకు హాట్ రాడ్లని పేరు వచ్చినది. ఫోర్డు టి మోడలు, 1932 నాటి ఎనిమిది సిలిండర్ల ఫోర్డు మొదలగునవి వారికి ముడిసరకు. 1908లో వెలువడిన టి మోడలులో స్టీరింగు పళ్ళ చక్రములు చేతి చక్రము క్రిందనే ఉండెడివి. చేతి చక్రము నాలుగు పాళ్ళు తిరిగిన, ఆర్ము ఒక పాలు తిరుగును. సన్నని టైర్లకును, స్వల్ప వేగమునకును అది చాలెను. అదే బండిలో పెద్ద ఇంజను పెట్టి, వెడల్పు టైర్లు తొడిగిన తరువాత అది చాలలేదు. అప్పుడు వేరు బండ్ల నుండి స్టీరింగ్ బాక్సులు తెచ్చి అమర్చుట మొదలైనది.

మన ప్రాంతమున ఆ ఉత్సాహమునకు తగిన బండి పాత జీపు. 1940ల చివర నుండి బొంబాయిలోని మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశమున కూర్చి అమ్మినది. ముందు వెనుక ఇరుసుల నడుమ 80 అంగుళముల దూరము మాత్రమే గల ఆ పొట్టి బండికి డీజిలు ఇంజను, వెడల్పు టైర్లు పెట్టించువారు అనేకులు. బరువు ముందునకు వచ్చి చేరును, టైరు నేలను గట్టిగా పట్టును. బాక్సు మాత్రము పాతదే. చక్రము త్రిప్ప చేతులు నొచ్చును. అప్పుడు బజారునకు పోయి, దొరికిన బాక్సును తెచ్చి బిగింతురు. చిక్కు అచ్చటనే మొదలగును.

స్టీరింగ్ బాక్సు చేయు పని రెండు విధములు. చేతి తిప్పుడును తగ్గించి బలమును పెంచుట ఒకటి. గుండ్రని తిప్పుడును ఊపుగా మార్చుట రెండవది. బాక్సు నుండి బయటకు వచ్చిన ఇరుసునకు డ్రాప్ ఆర్ము తగిలించి యుండును. ఆర్ము కొసన డ్రాగ్ లింకు అను కడ్డీ పట్టుకొని, ముందు చక్రపు మీటను లాగును లేదా నెట్టును. రెండు చక్రములను టై రాడ్ కలుపును. కావున బాక్సు ఒంటరి వస్తువు కాదు, ఒక గొలుసులో కొలికి. గొలుసు చూడక కొలికిని కొనుట కాలు కొలవక చెప్పులు కొన్నట్లే.

బాక్సులలో రకములు కలవు. విల్లీస్ జీపులో రాస్ సంస్థవారి కామ్-లీవరు పద్ధతి బాక్సు ఉండెడిది. మరచుట్టు వంటి గాడి గల కడ్డీ తిరుగుచుండగా, ఆ గాడిలో కూర్చున్న రెండు మేకులు జరిగి ఆర్మును త్రిప్పును. వర్ము-రోలరు రకములో మేకులకు బదులు చిన్న రోలరు దొర్లును. 1940 ప్రాంతమున అమెరికాలో జనరల్ మోటార్సువారి సాగినా విభాగము ప్రచారమునకు తెచ్చిన రకములో వర్మునకును నట్టునకును నడుమ ఉక్కు గోళీలు దొర్లుచుండును. రాపిడి తక్కువ, చేతికి తేలిక. అంబాసిడరు కారులో అసలు బాక్సే లేదు. పళ్ళ కడ్డీని పినియను ప్రక్కకు జరుపును. ఆ పద్ధతి ముందు చక్రములు విడివిడిగా ఊగు బండ్లకు చక్కగా అమరును. బిగువైన ఇరుసు గల జీపునకు సులభముగా అమరదు.

ఎంపికలో మొదటి ప్రశ్న నిష్పత్తి. బాక్సు 16కు 1 అయినచో, చేతి చక్రము పూర్తిగా ఒక చుట్టు తిరిగిన ఆర్ము ఇరువది రెండున్నర డిగ్రీలు తిరుగును. రెండు మీటలును సమానమైన పొడవు గలవై, ముందు చక్రములు ఒక అంచు నుండి మరొక అంచు వరకు 60 డిగ్రీలు తిరుగవలెననుకొందము. అప్పుడు చేతితో రెండు చుట్లును మరి మూడింట రెండు పాళ్ళును త్రిప్పవలెను. బాక్సు 24కు 1 అయినచో నాలుగు చుట్లు కావలెను. చేతికి తేలికే; కాని గంటకు 30 కిలోమీటర్ల వేగమున దిగు బండి ఒక సెకనులో ఎనిమిది మీటర్లకు పైగా పోవును. మలుపులో ఒక్క చుట్టు అదనముగా త్రిప్పుటకు పట్టు సమయములో బండి ఎంత దూరము పోవునో శ్రోతలే ఊహింపవచ్చును. ఆర్ము పొడవు కూడ ఈ లెక్కలో చేరును. ఆరంగుళముల ఆర్మునకు బదులు ఏడున్నర అంగుళములది వేసినచో స్టీరింగు సుమారు నాలుగవ వంతు చురుకగును, అంతే బరువగును.

రెండవ ప్రశ్న దిక్కు. ఆర్ము ముందు వెనుకలకు ఊగు బాక్సులు కొన్ని, ఎడమ కుడులకు ఊగునవి కొన్ని. ఒక బండిలో ఎడమ ప్రక్కన ఉన్న దానిని కుడి ప్రక్కకు త్రిప్పి బిగించినను, ఇరుసునకు ముందున్న దానిని వెనుకకు మార్చినను, కుడికి త్రిప్పిన బండి ఎడమకు పోవచ్చును. ఇది హాస్యము కాదు. ఇంజను వెనుక నుండు కోర్వేరు కారు బాక్సును హాట్ రాడ్లకు వాడిన అమెరికా మిస్త్రీలు, లోపలి ఇరుసును ఆవలి వైపు నుండి బయటకు వచ్చునట్లు మార్చుకొనవలసి వచ్చినది. పాత జీపులలో ఎడమచేతి స్టీరింగు గలవి అనేకము గనుక, కుడికి మార్చువారు ఈ పరీక్షను ముందుగా బల్లమీదనే చేసికొనవలెను.

మూడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. తరచుగా మరచిపోవునదియు అదే. బండి గోతిలో పడినప్పుడు కమాను కట్టపై ఇరుసు పైకి లేచును. అట్లు లేచునప్పుడు అది నిట్టనిలువుగా లేవక, కట్ట కదలకుండ బిగించిన కొసను కేంద్రముగా చేసికొని ఒక వంపులో కదలును. డ్రాగ్ లింకు కూడ డ్రాప్ ఆర్ము కొసను కేంద్రముగా చేసికొని వేరొక వంపు గీయును. ఈ రెండు వంపులు ఒకదానితో ఒకటి సరిపోయినచో చిక్కు లేదు. సరిపోనిచో డ్రైవరు చేయి కదల్పకున్నను చక్రము తనంత తాను తిరుగును. చదును దారిలో ఇది చిన్న కుదుపు. మలుపులో లోయవైపు చక్రము గోతిలో పడినప్పుడు ఇదే ప్రాణాంతకము. బాక్సు మంచిదే, బోల్టులు బిగువే, ఐనను బండి చేయి దాటిపోవును.

కావున క్రమము ఇది: ముందు ఆర్ము కొస ఎచ్చట నిలువవలెనో నిర్ణయింపవలెను, తరువాత బాక్సు ఎన్నుకొనవలెను. ముందు వెనుకలకు ఊగు పద్ధతిలో కమాను కట్ట బిగించిన కొసయు, ఆర్ము కొసయు ఇరుసునకు ఒకే వైపున ఉండుట మేలు. అడ్డముగా లాగు పద్ధతిలో డ్రాగ్ లింకు టై రాడ్‌నకు సమాంతరముగా, సాధ్యమైనంత పొడవుగా ఉండవలెను. బండిని దాని పూర్తి బరువుతో చదును నేలపై నిలిపి కొలతలు తీయవలెను గాని, ఇంజను దింపిన చాసీపై కాదు.

బాక్సునకు చోటు చేయుటకై టై రాడ్‌ను ఇరుసు వెనుక నుండి ముందునకు మార్చుట మరొక పొరపాటు. మలుపులో లోపలి చక్రము బయటి చక్రము కంటె ఎక్కువ తిరుగవలెను. గుర్రపు బండ్ల కాలమున, 1818లో, అకర్మన్ పేరిట ఇంగ్లండులో నమోదైన సూత్రము ఇదే. కింగ్ పిన్నుల నుండి టై రాడ్ కొసల గుండ గీచిన గీతలు వెనుక ఇరుసు మధ్యకు చేరునట్లుండుట దాని సామాన్య రూపము. మీటలను మార్చక రాడ్‌ను మాత్రము ముందునకు తెచ్చినచో ఈ లెక్క తలక్రిందులగును. టైర్లు మలుపులో ఈడ్చుకొని పోవును.

ఆటోనగరులలో పాత బాక్సు కొనునప్పుడు చూడవలసినది మధ్యభాగము. బండి ఎక్కువ కాలము తిన్నగా పోవును గనుక గాడి అచ్చటనే అరుగును. సర్దుబాటు మరను మధ్యలో ప్లే పోవునంతవరకు బిగించి, చక్రమును రెండు అంచులకు త్రిప్పి చూడుడు. అంచులలో పట్టివేసినచో ఆ బాక్సు అరిగినది. ఎంత బిగించినను బాగుపడదు. ఇరుసు పళ్ళపై తుప్పును, సీలు చుట్టు నూనె జాడను చూడుడు. కారుచున్నదని నూనెకు బదులు గ్రీజు కూరుట మంచిది కాదు. పళ్ళు తోసివేసిన గ్రీజు మరల అచ్చటికి రాదు.

బిగించునప్పుడు చక్రమును అంచు నుండి అంచునకు త్రిప్పి చుట్లు లెక్కించి, సగమున నిలుపవలెను. అదే బాక్సు నడిమి స్థానము. ముందు చక్రములు తిన్నగా నున్నప్పుడు బాక్సు కూడ అచ్చటనే ఉండవలెను. తేడా వచ్చినచో డ్రాగ్ లింకు పొడవును సర్దవలెను గాని, చేతి చక్రమును ఊడదీసి ప్రక్కకు పెట్టరాదు. చాసీ పలుచని రేకు పెట్టె వంటిది గనుక, మందమైన పలకను ఆనించి, బోల్టులు పోవు చోట లోపల గొట్టములు నిలిపి బిగింపవలెను. లేనిచో బిగించినకొలది చాసీ నొక్కుకొనిపోవును. డ్రాప్ ఆర్మును కాల్చి వంచుట, కోసి వెల్డింగు చేయుట ఎన్నడును తగదు. చక్రములను ఆపు అడ్డుమేకులు ఇరుసుమీద ఉండవలెను. బాక్సు తన లోపలి అంచునకు తగిలి ఆగరాదు. చేతి చక్రపు కడ్డీ ఒకే తిన్నని ఇనుప ఊచగా నున్నచో ఢీకొన్నప్పుడు అది డ్రైవరు రొమ్మునకు గురియగును. 1968 నుండి అమెరికా కొత్త కార్లలో ఇట్టి కడ్డీ వెనుకకు దూసికొని రాకుండ నిబంధన పెట్టిరి. రెండు కీళ్ళతో వంపు తిరిగిన కడ్డీ కొంత రక్షణ నిచ్చును.

పవర్ స్టీరింగు పెట్టించుకొనువారికి ఒక హెచ్చరిక. దాని పంపు ఇంజనుతో నడచును. పెట్రోలు కలిసివచ్చునని ఇంజను ఆపి, న్యూట్రలులో ఘాటు దింపు అలవాటు కొందరికి కలదు. ఇంజను ఆగగానే ఆ సాయము ఆగును. వెడల్పు టైర్ల బరువంతయు ఒక్కసారిగా చేతులపై పడును. దిగునప్పుడు ఇంజను నడచుచుండవలెను, గేరు పడియుండవలెను.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. కేంద్ర మోటారు వాహనముల నియమములలో 98వది, చేతి చక్రములో ప్లే 30 డిగ్రీలు మించరాదని చెప్పుచున్నది. 16 అంగుళముల చక్రముపై అది సుమారు నాలుగంగుళములు. బంతి కీళ్ళకు రబ్బరు తొడుగులుండవలెననియు, బోల్టులును పిన్నులును ఊడకుండ బంధింపబడవలెననియు అదే నియమము. ఉప్పుగాలి వీచు మన తీరమున చిరిగిన రబ్బరు తొడుగును వెంటనే మార్చుట కేవలము చట్టభయముచే చేయదగిన పని కాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 చట్టపు 52వ విభాగము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా సమర్థించినది. ఏబది ఏండ్లు దాటిన వాహనములకు 2021లో ప్రత్యేక నమోదు ఏర్పడినను, చాసీ, తొడుగు, ఇంజనులలో పెద్ద మార్పులు చేసినవాటికి అది వర్తింపదు. కావున రవాణా కార్యాలయమున ముందు అడిగి, తరువాత పనిముట్టు చేపట్టుట మేలు.

పని ముగిసిన తరువాత తొందర వలదు. ముందు చక్రములను జాకీపై లేపి రెండు అంచులకు త్రిప్పి చూడుడు. ఒకరు చక్రము త్రిప్పుచుండగా మరొకరు బాక్సు వద్ద చాసీ కదలుచున్నదేమో కనిపెట్టవలెను. తరువాత ఖాళీ స్థలము, తరువాత చదును దారి. కొన్నాళ్ళు నడపి ప్రతి బోల్టును, ప్రతి స్ప్లిట్ పిన్నును మరల చూచిన తరువాతనే కొండదారి.

రేవులోని ఓడకు చుక్కాని నీటిలో మునిగి కనబడదు. బండి స్టీరింగ్ బాక్సు కూడ బురదలో, గ్రీజులో దాగియుండును. చూపరులు మెచ్చుకొనునది మెరయు రంగునే. కాని యారాడ ఘాటు దిగి, సముద్రపుటొడ్డున కుటుంబముతో కూర్చుండి, చీకటి పడకముందే క్షేమముగా ఇల్లు చేరువానికి తోడైనది ఆ కనబడని పెట్టెయే.