సూత్రమునకు వృత్తి యేల?



బిట్‌కాయిన్ అను నాణెమునకు టంకసాల లేదు; రాజముద్ర లేదు. 2009లో వెలువడిన యొక కంప్యూటరు ప్రోగ్రామే దానికి ధర్మశాస్త్రము. దాని మూలపాఠమును ఎవరైనను ఉచితముగాఁ జదువవచ్చును. అయినను, పుస్తకము తెఱచియుండినంతమాత్రమున నర్థమగునా?

మన శాస్త్రములలో సూత్రము నాలుగు మాటలే; వృత్తి లేక దాని భావము తెలియదు. అట్లే ప్రోగ్రాము వ్రాయువారు, యంత్రము చదువని వివరణవాక్యములను మనుష్యులకై ప్రక్కన వ్రాయుదురు.

ఒకే చెల్లింపులో ఒకే నాణెము రెండుమాఱులు చూపఁబడినదా యను పరీక్ష యందుఁ గలదు. వేఱొకచోట నిది జరుగుచునే యున్నదని తలఁచి, జాప్యము తగ్గించుటకై, క్రొత్త పద్దుల కట్టను సరిచూచునపుడు దీనిని మానిరి. పరీక్ష నెమ్మదియైనది గనుక మానితిమని ప్రక్కన వ్రాసిరేగాని, మానినను హాని యేల లేదో వ్రాయలేదు. హాని యుండెను! 2017లో వెలువడిన ప్రతులలో, లేని నాణెములను పుట్టించుటకు దారి యేర్పడెను. అందఱి కన్నులయెదుటనే యున్నను, 2018 సెప్టెంబరు వఱకు దాని నెవరును బయటపెట్టలేదు. బిట్‌కాయిన్‌లో దొంగలు వాడుకొనకమునుపే సరిదిద్దిరి.

కావున, ఏమి చేసితిమో చెప్పుట చాలదు. ఏల చేసితిమో చెప్పవలెను. మీ యింటి బిడ్డలు ఈ విద్య నేర్చుచున్నచో, వారి కీమాట చెప్పుఁడు.