గురి కుదిరినా వేట కుదరదు

ఆత్మకూరు: వెలిగొండల పక్కనున్న ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో అడవిపంది చేలో పడితే పాత 315 రైఫిల్ మాట రాక మానదు. ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారంలో తయారైన ఈ బోల్టు రైఫిల్‌కు సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డే మూలం. సైన్యపు 303 తూటా ప్రజల చేతికి పోరాదని తెల్లదొరలు ఆంక్ష పెట్టడంతో 315 వాడుకలోకి వచ్చింది.

మొరటుదైనా మొండిదని దీనికి పేరు. బోల్టు చేత్తో లాగి తోస్తేగాని రెండో తూటా ఎక్కదు. కనుక తొలి గుండుకే గురి కుదరాలి. గొట్టానికి తుప్పు పట్టినా, గురిచూసే ములుకు కదిలినా గుండు దారి తప్పుతుంది. నింద మాత్రం తుపాకికే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్లెం వేసింది. లైసెన్సు ఉంది కదా అని పందిని కాల్చరాదు, అనుమతి కావాలి. పేరుమోసిన రైఫిల్ ఇంట్లో ఉన్నా, చేనుకు కాపలా మంచె మీది మనిషే.