నీటి లెక్కకు తాళము వలదు

వర్షచ్ఛాయలో నున్న అనంతపురమునకు స్మార్ట్ సిటీ సమాచార వేదిక యనగా ముందుగా నీటి లెక్కయే: బోరుల మట్టము, వానల కొలత, కుళాయిల సరఫరా. దానిని నడుపు ప్రోగ్రాము ఒక్క కంపెనీ గుప్పిట నుండిన, ఒప్పందము తీరిననాడు నగరము తన లెక్కను తానే చదువుకొనలేదు. ప్రోగ్రాము వ్రాతను ఎవరైనను చదివి సరిదిద్దుకొనునట్లు తెరచియుంచుటయే ఓపెన్ సోర్స్. కేంద్ర ప్రభుత్వము 2015లో తన కార్యాలయములకు ఈ విధానమునే ప్రకటించినది.

లెక్కను తెరచియుంచుట ఈ జిల్లాకు క్రొత్త గాదు. 2003 తరువాత ఏడు కరవు జిల్లాలలో నడచిన భూగర్భజల పథకమున రైతులే బావుల మట్టము కొలిచి, ఊరి బోర్డుపై వ్రాసి, దానినిబట్టి పంటలు నిర్ణయించుకొనిరి.

కావున ఒప్పందమునకు ముందే మూడు షరతులు వ్రాసికొనవలెనని మా మనవి: ప్రోగ్రాము వ్రాత నగరపాలక సంస్థ చేతికి రావలెను, లెక్కలు ఏ యంత్రమైనను చదువగల రూపమున నుండవలెను, దానిని బాగుచేయగలవారు ఇచ్చటి కళాశాలలలోనే తయారు కావలెను. ఇంటింటి వివరములు మాత్రము గోప్యముగ నుంచవలెను. బావి మట్టము ఊరిది. ఇంటి గుట్టు ఇంటిది.