పేర్లలో మిగిలిన పటాలం

ఆషాఢంలో సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళికి ఎత్తేవి లష్కర్ బోనాలు. లష్కర్ అంటే సైన్యం. 1806లో ఇంగ్లీషు పటాలాల కోసం వెలిసిన కంటోన్మెంటుకు జనం నోట నిలిచిన పేరది. 1813లో పటాలంతో పాటు ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య, మన ఊళ్లో కలరా తగ్గితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని అక్కడ మొక్కుకున్నాడని చెబుతారు.

భారత సైన్యం పుట్టుక తెలియాలంటే ఇలాంటి పేర్ల వెంటే పోవాలి. దానికి పునాది వేసింది దేశం కాదు, ఓ వ్యాపార కంపెనీ. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నాక గానీ ఈస్టిండియా కంపెనీకి తెలివి రాలేదు. గోదాముల కాపలా బంట్లతో యుద్ధాలు గెలవలేమని తేలింది. 1748లో వచ్చిన మేజర్ స్ట్రింగర్ లారెన్స్ వాళ్లకు కవాతు నేర్పాడు. పదేళ్లకు ఆ గుంపులు పటాలాలుగా కుదురుకున్నాయి. మద్రాస్ రెజిమెంట్ తన వయసును నేటికీ 1758 నుంచే లెక్కపెట్టుకుంటుంది.

ఈలోగా 1756లో క్లైవు మద్రాసు సిపాయిలను ఓడలెక్కించి బెంగాలుకు తీసుకుపోయాడు. వాళ్లలో తెలుగు నేల మనుషులుండడంతో అక్కడ సిపాయికి 'తిలంగా' అనే పేరు పడింది. మరుసటి ఏడు క్లైవు అక్కడివాళ్లకే ఎర్రకోట్లు తొడిగి 'లాల్ పల్టన్' కట్టాడు. వాళ్లూ తిలంగాలే అయ్యారు. వందేళ్లకు, 1857లో, ఢిల్లీకి చేరిన తిరుగుబాటు సిపాయిల్లో ఎక్కువమంది అవధ్ వైపు పల్లెలవాళ్లు. తెలుగు ముక్క రాదు. అయినా ఆనాటి ఢిల్లీ రాతల్లో వాళ్లు తిలంగాలే!

తీరా అసలు తిలంగాల గతేమైంది? తిరుగుబాటు తర్వాత సైన్యం కంపెనీ చేతిలోంచి బ్రిటిష్ రాణి చేతికి పోయింది. 1895లో బెంగాల్, మద్రాసు, బొంబాయి సైన్యాలు మూడూ ఒక్కటయ్యాయి. అప్పటికే దొరలకు 'యుద్ధజాతుల' పిచ్చి పట్టింది. పంజాబీ, గూర్ఖా, పఠాను పుట్టుకతోనే వీరులట, దక్షిణాదివాడు కాదట. మద్రాసు సైన్యాధిపతిగా పనిచేసి వెళ్లిన రాబర్ట్స్ ఈ వాదానికి పెద్ద దన్ను. దక్షిణాదిలో దశాబ్దాలుగా పెద్ద యుద్ధమే లేదు, కత్తికి తుప్పు పట్టింది. ఆ తుప్పును రక్తానికి అంటగట్టారు. తెలుగు పటాలాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ప్రపంచయుద్ధాలు వచ్చి మనుషులు చాలకపోయేసరికి వీరత్వం మళ్లీ గుర్తొచ్చిందనుకోండి, అది వేరే సంగతి. పశ్చిమ గోదావరిలో ఓ ఊరు మిలటరీ మాధవరంగా పేరు తెచ్చుకుంది ఆ యుద్ధాలతోనే.

1947లో ఆ సైన్యాన్నే రెండు దేశాలు పంచుకున్నాయి. సుమారు రెండు వంతులు మనకు, ఒక వంతు పాకిస్తాన్‌కు. పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకొస్తే నాలుగింటిని బ్రిటన్ తీసుకుపోయింది. 1949 జనవరి 15న కరియప్ప తొలి భారతీయ సేనాధిపతి అయ్యారు.

లోపలి కట్టడం పెద్దగా మారలేదు. పదిమందికి ఒక సెక్షన్, దాని మీద హవల్దార్. మూడు సెక్షన్లు ప్లటూన్, మూడు ప్లటూన్లు కంపెనీ. నాలుగు కంపెనీలు, మోర్టార్లూ సరఫరా చూసే మరికొందరూ కలిస్తే ఎనిమిది వందల పైచిలుకు మందితో బెటాలియన్. ఆ పైన బ్రిగేడ్, డివిజన్, కోర్. అన్నింటి మీదా ఆరు ప్రాంతీయ కమాండ్లు, శిక్షణకు సిమ్లాలో మరొకటి. మరి రెజిమెంట్ ఏది? యుద్ధంలో మన పదాతి రెజిమెంట్ మొత్తం ఒక్కచోట నిలబడదు. దాని బెటాలియన్లు ఒకటి కశ్మీరులో, ఒకటి అస్సాంలో ఉంటాయి. రెజిమెంటంటే ఇంటిపేరు లాంటిది. కొత్తగా చేరిన కుర్రాడు శిక్షణ పొందే కేంద్రం, టోపీ మీది చిహ్నం, యుద్ధ నినాదం దాని నుంచే వస్తాయి. మద్రాస్ రెజిమెంట్‌లో శ్రీకాకుళం కుర్రాడు కూడా 'వీర్ మద్రాసీ, అడి కొల్లు' అనే అరుస్తాడు.

ఇంటిపేరు మారిన సందర్భాలూ ఉన్నాయి. నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కాంటింజెంట్ 1903లో భారత సైన్యంలో కలిసి, 1922 నాటికి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. అందులో హైదరాబాదీలను వెతుక్కోవాల్సిందే. అంతా ఉత్తరాది జవాన్లు. 1945లో దానికి కుమావూన్ రెజిమెంట్ అని పేరు మార్చారు.

1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయానికి దగ్గరలోని బడ్గాంలో నాలుగో కుమావూన్ బెటాలియన్ కంపెనీ ఒకటి తనకంటే ఎన్నో రెట్లున్న దాడిదారులను అడ్డుకుంది. కంపెనీ కమాండర్ మేజర్ సోమ్‌నాథ్ శర్మ ఎడమ చేయి హాకీ ఆటలో విరిగి పిండికట్టులో ఉంది. ఆ స్థితిలోనే మెషిన్‌గన్ మ్యాగజైన్లలో తూటాలు నింపి జవాన్లకు అందిస్తూ, మోర్టారు గుండు పేలి చనిపోయారు. తొలి పరమవీర చక్ర ఆయనదే. 1942లో ఆయన అధికారిగా చేరింది హైదరాబాద్ రెజిమెంట్‌లో.