బొగ్గు సీమలో ఎండ గోడ

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గోడకు వెచ్చదనం కావాలంటే జనం నవ్విపోతారు. వేసవిలో 45 డిగ్రీల దరిదాపుల్లో మాడే ఊరిది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు రేకుల షెడ్డు కింద పనంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ రేకు వేడే చలి దేశాల్లో ఇంధనం ఖర్చు తగ్గిస్తోంది.

పద్ధతి చాలా మామూలుది. షెడ్డు దక్షిణ గోడకు కొన్ని అంగుళాల ఎడంగా, సన్నని రంధ్రాలున్న ముదురు రంగు రేకు బిగిస్తారు. ఫ్యాను బయటి గాలిని ఆ రంధ్రాల గుండా లాగుతుంది. కాగిన రేకును ఒరుసుకుంటూ వచ్చిన గాలి వెచ్చబడి, గొట్టాల ద్వారా లోపలికి చేరుతుంది. అద్దాల్లేవు, గడ్డకట్టి పగిలే నీటి పైపుల్లేవు. సౌర విద్యుత్ పలకలు ఎండలో ఐదో వంతును కరెంటుగా మారిస్తే గొప్ప. ఈ రేకు అన్నీ అనుకూలిస్తే 70 శాతానికి పైగా వేడిని పట్టేస్తుంది. పెద్ద తలుపులు తెరిచిన ప్రతిసారీ వేడి బయటికి పోయే హ్యాంగర్లు, గ్యారేజీలకు ఇది బాగా నప్పుతుంది. మాంట్రియల్‌లోని బంబార్డియర్ విమాన కర్మాగారం, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరం దీన్ని వాడుకున్నాయి.

మన సైన్యానికి ఈ అవసరం లద్దాఖ్‌లో ఉంది. అక్కడ కిరోసిన్‌ను కొండలెక్కించాలి, పొగనూ భరించాలి. 2021 ఫిబ్రవరిలో సోనమ్ వాంగ్‌చుక్ సుమారు పదిమంది జవాన్లు పట్టే సౌర గుడారాన్ని చూపారు. పగటి వేడిని దాచి రాత్రికి అందించడం దాని కిటుకు. బయట మైనస్ 14 డిగ్రీలకు పడిపోయే చోట రాత్రి పదింటికి లోపల 15 డిగ్రీలు ఉందని ఆయన ప్రకటించారు.

మరి బిలాస్‌పూర్‌కు? ఆగ్నేయ మధ్య రైల్వేకూ, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌కూ ఇదే కేంద్రం. 2022 వేసవిలో బొగ్గు రేకులకు దారివ్వడానికి ప్రయాణికుల రైళ్లు రద్దయ్యాయి. ఆ బాధ పడ్డవారికి బొగ్గు ఆదా అనేది పర్యావరణవాదుల ముచ్చట మాత్రమే కాదు. ఇక్కడ వేడి గాలి పనికొచ్చేది ఆరబెట్టడానికే. హైదరాబాద్‌లోని సీడ్ సంస్థ సౌర డ్రయ్యర్లతో పళ్లు ఎండబెట్టి చూపింది. ఛత్తీస్‌గఢ్ రైస్ మిల్లులు మాత్రం దీనివైపు చూడటం కష్టమే. చేతిలో ఊక ఉన్నవాడికి ఎండతో ఏం పని?

చలి కోసమే అయితే కట్నీ మార్గంలో పెండ్రా రోడ్ వైపు ప్రయత్నించాలి. అక్కడ శీతాకాలపు ఆకాశం నిర్మలం. కాకపోతే రాత్రి డ్యూటీ దిగి నడుం వాల్చే సిబ్బందికి రంధ్రాల రేకు అక్కరకు రాదు. లద్దాఖ్ గుడారంలోలా వేడిని దాచే గోడ కావాలి.